షుగర్ ఉన్నవాళ్ళకి ఫ్రక్టోజ్ పొడి మంచిదేనా? పండ్లలో ఉండేదీ అదే కదా

వేకువ_వెలుగు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి షుగర్ ఉంది, టాబ్లెట్లు వాడుతున్నారు, కానీ తీపి అంటే ప్రాణం, ఎంత చెప్పినా మానలేరు. ఈమధ్య తెలిసినవాళ్ళు ఎవరో ఫ్రక్టోజ్ పొడి డబ్బా తెచ్చిచ్చారు, దాని మీద పండ్ల చక్కెర, బ్లడ్ షుగర్ పెంచదు అని రాసుంది. నిజంగానే కాఫీలో వేసుకుని తాగాక మీటర్లో చూస్తే పంచదార వేసుకున్నప్పుడు పెరిగినంత పెరగట్లేదు, ఇంక ఆయన సంతోషం చెప్పక్కర్లేదు, పొద్దునా సాయంత్రం అదే. ఇంకోపక్క నెట్‌లో చూస్తేనేమో ఫ్రక్టోజ్ లివర్‌కి విషం అంటున్నారు, మరి అది విషమైతే డాక్టర్లు పండ్లు తినమని ఎందుకు చెప్తారు? నాకు ఏది నమ్మాలో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రసాయనం_మాస్టారు:
వెలుగు గారూ, మంచి ప్రశ్న. వైద్యం సంగతి వేరేవాళ్ళు చెప్తారు, నేను కెమిస్ట్రీ వరకు చెప్తాను, అది తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండిటి ఫార్ములా ఒకటే, సి6హెచ్12ఓ6. పరమాణువులు అవే, లెక్క అదే, అమరిక తేడా. గ్లూకోజ్‌లో కార్బన్-ఆక్సిజన్ డబుల్ బాండ్ ఒకటో కార్బన్ దగ్గర ఉంటుంది కాబట్టి అది ఆల్డిహైడ్ చక్కెర, ఫ్రక్టోజ్‌లో రెండో కార్బన్ దగ్గర ఉంటుంది కాబట్టి అది కీటోన్ చక్కెర. మనం వాడే పంచదార అంటే సుక్రోజ్, అది ఈ రెండూ ఒక్కొక్కటి చేయీ చేయీ పట్టుకున్న జంట, పేగులో ఎంజైమ్ తగలగానే విడిపోతుంది. అంటే పంచదార తిన్నా సగం ఫ్రక్టోజ్ తిన్నట్టే, ఈ సంగతి చాలామంది గమనించరు. ఫ్రక్టోజ్‌ని 1847లో డుబ్రన్‌ఫా అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త గుర్తించాడు, ఆ తర్వాత ఎమిల్ ఫిషర్ ఈ చక్కెరలన్నిటి నిర్మాణాలూ తేల్చి 1902లో నోబెల్ తీసుకున్నాడు.

ఇంక మీ నాన్నగారి కాఫీ విషయానికొస్తే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఫ్రక్టోజ్ పొడిగా ఉన్నప్పుడు మొత్తం ఆరు మూలల రింగు రూపంలో ఉంటుంది, బాగా తియ్యగా ఉండే రూపం అదే. నీళ్ళలో కలిపితే అందులో కొంత ఐదు మూలల రింగుగా మారిపోతుంది, మామూలు గది వేడిలో అయితే ఆరు మూలలది దాదాపు 70 శాతం మిగులుతుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఐదు మూలల రూపానికి తీపి పెద్దగా ఉండదు. అందుకే చల్లటి పానీయంలో పంచదార కంటే ఎక్కువ తియ్యగా ఉండే ఫ్రక్టోజ్ వేడి వేడి కాఫీలో వేస్తే ఆ లాభం ఏమీ మిగలదు. తక్కువ పొడితో ఎక్కువ తీపి అని డబ్బా మీద రాసుంటే అది చల్లటివాటికే వర్తిస్తుంది. నాన్నగారు తీపి చాలట్లేదని ఇంకో చెంచా వేసుకుంటున్నారేమో ఒకసారి చూడండి.

ఇంటర్_బైపీసీ:
సార్ మధ్యలో అడుగుతున్నందుకు సారీ, కీటోన్ అయితే ఆల్డిహైడ్ చక్కెరలకి రంగు మారే బెనెడిక్ట్ టెస్ట్ రాకూడదు కదా, మరి ప్రాక్టికల్స్‌లో ఫ్రక్టోజ్‌కి కూడా ఇటుక రంగు వచ్చింది, ఎందుకు?

రసాయనం_మాస్టారు:
బెనెడిక్ట్ ద్రావణం క్షార గుణం ఉన్నది కదా బాబూ, క్షారంలో ఫ్రక్టోజ్ ఈన్‌డయాల్ అనే మధ్య రూపం గుండా గ్లూకోజ్‌గా, మానోజ్ అనే ఇంకో చక్కెరగా మారుతుంది. అందుకే పాజిటివ్ వస్తుంది. రెండిటినీ విడదీసి చూడాలంటే సెలివనాఫ్ టెస్ట్ చెయ్యాలి, రిసార్సినాల్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి వేడి చేస్తే కీటోన్ చక్కెర త్వరగా నీటిని కోల్పోయి చెర్రీ ఎరుపు ఇస్తుంది, గ్లూకోజ్ అయితే చాలాసేపటికి గానీ లేత రంగు కూడా రాదు. సుక్రోజ్‌కి కూడా ఎరుపు వస్తుంది, యాసిడ్‌లో అది విడిపోయి ఫ్రక్టోజ్ బయటికొస్తుంది కాబట్టి. రికార్డులో ఆ కారణం రాయి, చాలామంది వదిలేస్తారు.

ల్యాబ్_కిటికీ:
మాస్టారు చెప్పిన బెనెడిక్ట్ సంగతికి ఒక పాత కథ తగులుతుంది. కొందరికి పుట్టుకతోనే ఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ ఉండదు, వాళ్ళకి దానివల్ల ఏ జబ్బూ రాదు, తిన్న ఫ్రక్టోజ్‌లో కొంత మూత్రంలో పోతుంది అంతే. పాతరోజుల్లో మూత్రాన్ని బెనెడిక్ట్‌తో చూసేవాళ్ళు కదా, రంగు మారగానే షుగర్ జబ్బు అని ముద్ర వేసేసేవాళ్ళు. ఇప్పటి స్ట్రిప్పులూ మీటర్లూ గ్లూకోజ్‌ని మాత్రమే పట్టుకునే ఎంజైమ్‌తో పనిచేస్తాయి, అందుకే ఆ పొరపాటు జరగదు.

కానీ వెలుగు గారూ, మీ విషయంలో ఇదే తిరగబడింది. నాన్నగారి మీటర్‌కి ఫ్రక్టోజ్ కనపడదు. రక్తంలో అది ఎంత ఉన్నా మీటర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. మూడు నెలల సగటు అని చేసే హెచ్‌బీఏ1సీ కూడా గ్లూకోజ్ అతుక్కున్న హిమోగ్లోబిన్‌నే కొలుస్తుంది. కాబట్టి మీటర్‌లో నంబర్ పెరగలేదంటే గ్లూకోజ్ పెరగలేదని అర్థం, అంతవరకే. ఒంట్లోకి వెళ్ళిన చెంచాలు ఎటు పోయాయో అది చెప్పదు. లివర్ ఎలా ఉందో తెలియాలంటే ట్రైగ్లిజరైడ్స్ అనే రక్తంలోని కొవ్వు, లివర్ ఎంజైమ్‌లు, యూరిక్ యాసిడ్ చూడాలి, అవసరమైతే స్కానింగ్.

మట్టివాసన:
ఏంటండీ ఇది, పండులో దేవుడిచ్చిన చక్కెరని కూడా అనుమానిస్తే ఇంకేం తింటాం. సహజంగా వచ్చేది ఎప్పుడూ హాని చెయ్యదు, ఫ్యాక్టరీలో చేసిందే హాని. తేనె, పండ్ల రసం ఎంత తీసుకున్నా ఏం కాదు అని నా నమ్మకం.

రసాయనం_మాస్టారు:
మీ అభిమానం అర్థమైంది గానీ అణువుకి పుట్టిల్లు గుర్తుండదండి. తేనెలో వంద గ్రాములకి దాదాపు 38 గ్రాములు ఫ్రక్టోజ్, 31 గ్రాములు గ్లూకోజ్. శీతల పానీయాల్లో వాడే మొక్కజొన్న సిరప్‌లో చక్కెరల లెక్క చూస్తే 55 శాతం ఫ్రక్టోజ్, 42 శాతం గ్లూకోజ్. మొక్కజొన్న పిండి నుంచి వచ్చిన గ్లూకోజ్‌ని ఒక ఐసోమరేజ్ ఎంజైమ్ కొంతవరకు ఫ్రక్టోజ్‌గా మారుస్తుంది, అలా తయారవుతుంది. తేనె నిష్పత్తీ దాని నిష్పత్తీ పక్కపక్కన పెట్టి చూడండి, పేగు లోపలికి వెళ్ళాక తేడా చెప్పడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో ఫ్రీ షుగర్స్ అనే లెక్కలో తేనెనీ, పండ్ల రసాన్నీ, సిరప్‌లనీ కలిపేసి, పూర్తి పండుని మాత్రం బయట పెట్టింది. రోజు మొత్తం కేలరీల్లో ఫ్రీ షుగర్స్ 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది అన్నారు. 2000 కేలరీలు తినేవాళ్ళకి 10 శాతం అంటే 50 గ్రాములు.

మట్టివాసన:
పూర్తి పండుని బయట పెట్టారంటేనే కదా సహజమైనదానికి విలువ ఉన్నట్టు.

జీవరసం:
సహజం అని కాదండి, రూపం వల్ల. నేను ఈ సబ్జెక్ట్ చదివే మనిషిని కాబట్టి ఇక్కడ కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గ్లూకోజ్ చిన్న పేగులోంచి సోడియంతో కలిసి జోరుగా లోపలికి లాగబడుతుంది, ఫ్రక్టోజ్‌కి వేరే తలుపు, గ్లూట్5 అనే ప్రొటీన్, అది నెమ్మదిగా, దానికో హద్దు ఉంటుంది. లోపలికి వెళ్ళిన గ్లూకోజ్‌ని ఒంట్లో ప్రతి కణమూ వాడుకుంటుంది, ఇన్సులిన్ చెప్పినట్టు వింటుంది. ఫ్రక్టోజ్‌లో మాత్రం ఎక్కువ భాగాన్ని పేగు, లివర్ రెండే తీసేసుకుంటాయి, అందుకే రక్తంలో పెద్దగా కనపడదు, ఇన్సులిన్ కూడా పెద్దగా లేవదు. తిన్నాక రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ గ్లూకోజ్‌కి 100 అయితే పంచదారకి 65 దరిదాపులు, ఫ్రక్టోజ్‌కి 20 దరిదాపులు. డబ్బా మీద రాసింది ఈ సంఖ్యని చూసే.

లివర్ లోపల ఏం జరుగుతుందో చూడాలి ఇప్పుడు. గ్లూకోజ్ విరిగే దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అని ఒక గట్టి గేటు ఉంటుంది, కణంలో శక్తి చాలినంత ఉంటే అది మూసుకుంటుంది. ఫ్రక్టోజ్ ఆ గేటు దగ్గరికే రాదు. ఫ్రక్టోకైనేజ్ దానికి ఒకటో కార్బన్ దగ్గర ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆల్డొలేజ్-బి దాన్ని మూడేసి కార్బన్లున్న రెండు ముక్కలుగా కోస్తుంది, ఆ ముక్కలు గేటు దాటిన చోట వచ్చి కలుస్తాయి. అంటే ఎంత వస్తే అంత లోపలికే, వద్దనే అధికారం ఎవరికీ లేదు. మామూలు మోతాదులో దీనివల్ల ఇబ్బంది లేదు, ఫ్రక్టోజ్ ఒంట్లో ఎటు పోతుందో తెలిసేలా ఐసోటోప్ గుర్తు పెట్టి చూసిన పరిశోధనల ప్రకారం కొన్ని గంటల్లో దాదాపు 40 శాతం గ్లూకోజ్‌గానే మారుతుంది, నాలుగో వంతు లాక్టేట్ అవుతుంది, అప్పటికప్పుడు నేరుగా కొవ్వు అయ్యేది చాలా తక్కువ. కానీ రోజూ, ఎక్కువగా, తిండి మీద అదనంగా పోస్తుంటే లివర్‌లో కొవ్వు తయారుచేసే ఎంజైమ్‌ల జోరు పెరుగుతుంది, ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, ఫ్యాటీ లివర్ అక్కడ మొదలవుతుంది.

2018లో ఎలుకల మీద వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా నచ్చింది. కొద్ది మోతాదు ఫ్రక్టోజ్ ఇస్తే చిన్న పేగే దాన్ని చాలావరకు గ్లూకోజ్‌గా మార్చేసి లివర్‌కి భారం లేకుండా చేసింది, ఎక్కువ మోతాదు ఒక్కసారిగా ఇస్తే పేగు చెయ్యగలిగినంత చేసి మిగతాది లివర్‌కి వదిలేసింది. ఎలుకలు ఎలుకలే, మనుషులు మనుషులే, కానీ ఇది చూశాక పండుకీ రసానికీ తేడా నా కళ్ళకి కట్టింది. యాపిల్ నమిలి తింటే పది గ్రాముల ఫ్రక్టోజ్ పీచులో చిక్కుకుని కొంచెం కొంచెంగా వస్తుంది, కడుపు నిండుతుంది, రెండోది తినాలనిపించదు. అదే మూడు నాలుగు యాపిల్స్ పిండిన గ్లాసు రసం ఒక నిమిషంలో గొంతు దిగిపోతుంది, నమలడం లేదు, పీచు చాలావరకు పిప్పిలో పోయింది.

కండరం_కష్టం:
సింపుల్‌గా చెప్పాలంటే పండ్లు కూడా మానేయాలి బాస్. షుగర్ షుగరే. నేను జిమ్‌లో అందరికీ అదే చెప్తా, పండ్లు కట్ చేస్తే నడుం చుట్టు కొవ్వు పోతుంది. పైన అంత సైన్స్ రాసి మళ్ళీ యాపిల్ తినమంటే ఎలా.

జీవరసం:
ఆధారాలు చూస్తే మీ మాట నిలబడదు. 2009లో బరువు ఎక్కువున్నవాళ్ళ మీద చేసిన ప్రయోగం ఒకటుంది, 10 వారాల పాటు కేలరీల్లో 25 శాతం కొందరికి గ్లూకోజ్ పానీయంగా, కొందరికి ఫ్రక్టోజ్ పానీయంగా ఇచ్చారు. బరువు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా పెరిగింది, కానీ పొట్ట లోపలి అవయవాల చుట్టూ కొవ్వు ఫ్రక్టోజ్ గుంపులో పెరిగింది, ఇన్సులిన్ పనితీరు తగ్గింది. పండ్లు మానాలి అనేవాళ్ళు ఎక్కువగా చూపించేది దీన్నే. అందులో ఇచ్చింది పానీయం, అదీ నాలుగో వంతు కేలరీలు. 2000 కేలరీల మనిషికి 125 గ్రాముల ఫ్రక్టోజ్, యాపిల్స్‌లో లెక్కేస్తే రోజుకి పన్నెండు, ఎవరు తింటారు అన్ని?

పండ్ల మీదే చూసినది 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది, లక్షా ఎనభై వేల పైచిలుకు మందిని ఏళ్ళ తరబడి గమనించారు. వారానికి మూడుసార్లు ద్రాక్ష, యాపిల్, బ్లూబెర్రీ లాంటివి తిన్నవాళ్ళలో టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం తగ్గింది, అన్నిసార్లు పండ్ల రసం తాగినవాళ్ళలో 8 శాతం పెరిగింది. గమనించి రాసిన పరిశోధన కాబట్టి ఇదే కారణం అని ముద్ర వెయ్యలేం, కానీ పండు హాని అనడానికి ఇందులో చోటే లేదు. అలాగే మొత్తం కేలరీలు సమానంగా ఉంచి వేరే పిండిపదార్థం బదులు ఫ్రక్టోజ్ ఇచ్చిన ప్రయోగాల్లో బరువు పెరగలేదు, ఎక్కువగా కలిపి ఇచ్చినప్పుడే పెరిగింది.

కండరం_కష్టం:
ఓకే, జ్యూస్ విషయం ఒప్పుకుంటా. షుగర్ పేషెంట్‌కి అరటిపండు మాత్రం నేను చెప్పను.

ల్యాబ్_కిటికీ:
అరటిలో కూడా పండిన స్థాయిని బట్టి ఉంటుంది. కాయగా ఉన్నప్పుడు ఎక్కువ భాగం పిండి, పండేకొద్దీ ఎంజైమ్‌లు ఆ పిండిని చక్కెరలుగా విడగొడతాయి. మచ్చలు వచ్చిన పండుకీ కాస్త గట్టిగా ఉన్న పండుకీ మీటర్‌లోనే తేడా తెలుస్తుంది చాలామందికి. ఎంత తినొచ్చు అనేది మనిషిని బట్టి, మందుల్ని బట్టి, చూసుకుని తినాలి. ఎండబెట్టిన పండ్లతో మాత్రం జాగ్రత్త, నీళ్ళు పోయి చక్కెర దగ్గరపడుతుంది, గుప్పెడు తిన్నా లెక్క ఎక్కువ.

రాత్రిడ్యూటీ:
నాది వేరే బాధ. యాపిల్, పేర్, పుచ్చకాయ తిన్నానంటే కడుపు ఉబ్బరం, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు. అరటిపండు, కమలా తింటే ఏం కాదు. అందరూ మనసులో అనుకోవడమే అంటారు. దీనికీ ఫ్రక్టోజ్‌కీ సంబంధం ఉందా?

జీవరసం:
ఉందండి, మీరు చెప్పిన పండ్ల జాబితా చూస్తేనే తెలిసిపోతోంది. గ్లూట్5 తలుపుకి హద్దు ఉంటుందన్నాను కదా, ఆ హద్దు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. పక్కన గ్లూకోజ్ ఉంటే ఫ్రక్టోజ్ బాగా పీల్చుకుంటుంది పేగు. అరటిలో రెండూ ఇంచుమించు సమానం, యాపిల్‌లో వంద గ్రాములకి ఫ్రక్టోజ్ 6 గ్రాముల దాకా, గ్లూకోజ్ 2.5 లోపు. ఆ మిగిలిపోయిన ఫ్రక్టోజ్ పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెడుతుంది, హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, ఆ ఫ్రక్టోజ్ నీళ్ళని కూడా లాగుతుంది. పైగా యాపిల్, పేర్‌లలో సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం కూడా ఉంటుంది, అదీ అదే పని చేస్తుంది. ఫ్రక్టోజ్ తాగించి ఊపిరిలో హైడ్రోజన్ కొలిచే పరీక్ష ఉంది, గ్యాస్ట్రో డాక్టర్‌ని అడగండి. ఇది ప్రమాదం కాదు, మోతాదు తగ్గించి భోజనంతో పాటు తింటే చాలామందికి సర్దుకుంటుంది. మనసులో అనుకోవడం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

పిల్లల_వార్డు:
ఇక్కడే ఒక మాట, తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే గుర్తుపెట్టుకోండి. పైన చెప్పిన గ్యాస్ సమస్య వేరు, పుట్టుకతో వచ్చే ఫ్రక్టోజ్ ఇన్‌టాలరెన్స్ వేరు. ఆల్డొలేజ్-బి ఎంజైమ్ పనిచేయనివాళ్ళకి ఫ్రక్టోజ్-1-ఫాస్ఫేట్ లివర్‌లో పేరుకుపోతుంది, రక్తంలో గ్లూకోజ్ పడిపోతుంది. ఇది అరుదు, సుమారు ఇరవై వేలమందిలో ఒకరికి. తల్లిపాలలో ఉండేది లాక్టోజ్ కాబట్టి పాలు తాగినంతకాలం బిడ్డ బాగానే ఉంటుంది, పండు గుజ్జో పంచదార కలిపినదో పెట్టడం మొదలుపెట్టాక వాంతులు, చెమటలు, మగత, బరువు పెరగకపోవడం, కామెర్లు. అలాంటి బిడ్డకి ఇంకాస్త తీపి నీళ్ళు పట్టిస్తే ప్రాణం మీదికొస్తుంది. కొందరు పిల్లలు తీపి చూస్తేనే మొహం తిప్పేసి అలా తమని తామే కాపాడుకుంటూ పెద్దవాళ్ళైపోతారు, వాళ్ళ పళ్ళు ఒక్కటి కూడా పుచ్చి ఉండవు, డాక్టర్‌కి అనుమానం వచ్చేది ఒక్కోసారి అది చూసే. జన్యు పరీక్షతో తేలుతుంది, ఫ్రక్టోజ్, సుక్రోజ్, సార్బిటాల్ మూడూ మానేస్తే మామూలుగా బతుకుతారు. తీపి తినని పిల్లల్ని దయచేసి బలవంతం చెయ్యకండి, కారణం కనుక్కోండి.

బొటనవేలి_మంట:
నాకు గౌట్, అదే యూరిక్ యాసిడ్ కీళ్ళలో చేరి వాపు, మంట వచ్చే జబ్బు. యూరిక్ యాసిడ్ ఎక్కువ అని మాంసం తగ్గించమన్నారు, తగ్గించాను, శీతల పానీయాల గురించి మాత్రం ఎవరూ ఒక్కమాట చెప్పలేదు. దానికీ దీనికీ లింకు ఉందని చదివా, నిజమేనా?

జీవరసం:
నిజం. ఫ్రక్టోకైనేజ్ ఆగకుండా ఫాస్ఫేట్ తగిలిస్తూ పోతుందన్నాను కదా, ఆ ఫాస్ఫేట్ వచ్చేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి. ఒక్కసారిగా చాలా ఫ్రక్టోజ్ వస్తే లివర్ కణంలో ఏటీపీ తగ్గి, ఫాస్ఫేట్లు పోగా మిగిలిన ఏఎంపీ పేరుకుంటుంది, అది విరిగి విరిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతుంది. మాంసం తినకపోయినా ఇది జరుగుతుంది. 2008లో మగవాళ్ళ మీద వచ్చిన పెద్ద పరిశోధనలో చక్కెర ఉన్న శీతల పానీయాలు రోజుకి రెండో అంతకంటే ఎక్కువో తాగేవాళ్ళకి, నెలకి ఒకటి కూడా తాగనివాళ్ళతో పోలిస్తే గౌట్ వచ్చే ముప్పు 85 శాతం ఎక్కువ కనిపించింది, చక్కెర లేని డైట్ పానీయాల్లో ఆ సంబంధం లేదు. అందులో పండ్ల రసంతో పాటు యాపిల్, కమలా లాంటి పండ్లకి కూడా కొంత సంబంధం కనిపించిందని దాచకుండా చెప్పాలి, కాబట్టి మీలాంటివాళ్ళు పండ్లు మానక్కర్లేదు గానీ ఒకేసారి కుప్పగా తినొద్దు, రసం, పానీయం మాత్రం ముందు మానండి.

వేకువ_వెలుగు:
అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. మీరు చెప్పినట్టే చూశాను, నాన్నగారు నిజంగానే ఒక్కో కప్పుకి మూడు చెంచాలు వేసుకుంటున్నారు, తీపి తెలియట్లేదట. డబ్బా తీసి లోపల పెట్టేశాను, కాసేపు అలిగారు. ఒక్క డౌట్ మిగిలింది, ఆయనకి అప్పుడప్పుడు షుగర్ పడిపోతుంది, చెమటలు పట్టి వణుకుతారు. అలాంటప్పుడు వాడుకోవడానికైనా ఈ పొడి దగ్గర పెట్టుకోవచ్చా?

ల్యాబ్_కిటికీ:
వద్దు. ఈ ఒక్క విషయం మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. షుగర్ పడిపోయినప్పుడు మెదడుకి కావాల్సింది గ్లూకోజ్, అదీ నిమిషాల్లో. ఫ్రక్టోజ్ ముందు లివర్‌కి వెళ్ళి మారి బయటికి రావాలి, అంత టైమ్ లేదు. గ్లూకోజ్ పొడో టాబ్లెట్లో ఆయన జేబులో ఉండాలి, 15 గ్రాములు ఇచ్చి పావుగంట ఆగి మళ్ళీ మీటర్ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

జీవరసం:
దానికి ఇంకొకటి కలుపుతాను. ఆయన టాబ్లెట్లలో అకార్బోజ్ గానీ వోగ్లిబోజ్ గానీ ఉన్నాయేమో చీటీ చూడండి. అవి పేగులో సుక్రోజ్‌ని విడగొట్టే ఎంజైమ్‌నే ఆపుతాయి, అందుకని అవి వాడేవాళ్ళకి షుగర్ పడిపోయినప్పుడు పంచదార నీళ్ళు ఇచ్చినా త్వరగా పనిచెయ్యదు, గ్లూకోజే ఇవ్వాలి. అలా పడిపోతున్న సంగతి డాక్టర్‌కి చెప్పారా, మందు మోతాదు మార్చాల్సి రావొచ్చు.

వేకువ_వెలుగు:
చీటీ చూశానండి, వోగ్లిబోజ్ ఉంది. ఇన్నాళ్ళూ పంచదార నీళ్ళే ఇస్తున్నాం. గ్లూకోజ్ ఇవాళే తెస్తాను, రేపు డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్ళి పడిపోయిన రోజుల రీడింగులన్నీ చూపిస్తాను.